పద్నాలుగు సంతకాలు

ఫిబ్రవరి 9

ప్రియమైన ఉడుతకు,

నీ మొదటి ఉత్తరం అందింది. మూడు వాక్యాలు, నాలుగు మరకలు, ఒక చిరుగు. ముప్పై ఒక్కేళ్ళు పరీక్షల విభాగంలో జవాబు పత్రాలు చూసిన దాన్ని. ఇంతకంటే ఘోరమైన దస్తూరీలు డాక్టరీ చదివే పిల్లల దగ్గర చూశాను, వాళ్ళ వేళ్ళు శుభ్రంగా పనిచేసేవి కూడా. కాబట్టి దిగులు పడకు. చేతికి పట్టీ కట్టి, అందులో పెన్ను దూర్చి, నీ చేత వారానికో ఉత్తరం రాయిస్తానని మీ చేతుల మేడమ్ చెప్పినప్పుడే నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఆవిడే 'ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా' అని అడిగితే, నా చెవి మిషనూ ఫోనూ ఒకచోట చేరితే ఈల వేస్తాయనీ, ఈ వయసులో ఆ ఈలలు నాకెందుకనీ చెప్పాను. నవ్వలేదు. రాసుకుంది. మీ వాళ్ళంతా ఏం చెప్పినా రాసుకుంటారేమిటే?

ఇంటి వార్తలు. వడ్రంగి బాత్రూమ్ గుమ్మం పగలగొట్టాడు. ముప్పై రెండంగుళాలు కావాలని మీ కసరత్తు మాస్టారు రాసిచ్చిన కాగితం చూపిస్తే, "అంత వెడల్పెందుకమ్మా, లోపలికి ఏనుగొస్తుందా?" అన్నాడు. "మా మనవరాలొస్తుంది, చక్రాల కుర్చీలో" అన్నాను. వెంటనే ఉలి అందుకున్నాడు. వెళ్ళేటప్పుడు, "ఎలా జరిగిందమ్మా?" అని అడిగాడు. నాటకశాలలో లైట్లు బిగిస్తూ నిచ్చెన మీంచి పడి వెన్ను విరిగిందని చెప్పాను. "ఆడపిల్లకి నిచ్చెన పనేమిటమ్మా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి గుమ్మానికి సున్నం కూడా వాడి చేతే ఉచితంగా వేయించాను.

మీ గురువారం బల్ల నాకు నచ్చింది. డాక్టరమ్మ, కసరత్తు మాస్టారు, చేతుల మేడమ్, పెద్ద సిస్టర్, ఆ సోషల్ వర్కరమ్మాయి, అయిదుగురూ చుట్టూ కూర్చుని, ఆరో కుర్చీ పక్కకి లాగేసి, ఆ ఖాళీలోకి నిన్ను తోయించి, నీ గురించి నీ ఎదురుగానే మాట్లాడతారు. మా ఆఫీసులో ఎవరి గురించైనా మాట్లాడాలంటే ముందు వాళ్ళని బయటికి పంపేవాళ్ళం.

కానీ పోయిన నెల నన్నూ కూర్చోబెట్టి చెప్పింది నచ్చలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి నిన్ను ఇంట్లో చూసుకోగలదా, లేక ఊరి చివర ఆ సంరక్షణ నిలయానికి పంపాలా, ఏప్రిల్ లోపు తేలుస్తారట. మీ అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. అప్పుడు నన్ను ఏ బల్లా అడగలేదు. సరే. రెండు వారాలు పెద్ద సిస్టర్ దగ్గర పాఠం నేర్చుకున్నాను. నిన్ను పక్కకి తిప్పడం, మూత్రపు గొట్టం శుభ్రం చేయడం, ఒంటి మీద ఎర్రబడ్డ చోట బొటనవేలితో నొక్కి, తెల్లబడుతుందో లేదో చూడటం. తెల్లబడితే గండం తప్పినట్టు. తెల్లబడకపోతే లోపల కండ చచ్చిపోతున్నట్టు. ఇంత సూటిగా ఉన్న పాఠం నేను ఏ సిలబస్‌లోనూ చూడలేదు.

నీ కోసం గోడలు పగలగొట్టిస్తున్న
అమ్మమ్మ

ఫిబ్రవరి 16

ప్రియమైన అమ్మమ్మా,

ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది. పట్టీ బాగుంది. వేళ్ళే బాగాలేవు. చేతుల మేడమ్ పక్కనే కూర్చుంటుంది. నేనేం రాస్తున్నానో చూడదట, ఎలా రాస్తున్నానో చూస్తుందట.

వచ్చే ఆదివారం నన్ను ఇంటికి పంపుతున్నారు. ఒక్క రోజు. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఇది నీ పరీక్ష, నాది కాదు అంది డాక్టరమ్మ. షరతులు పెద్ద సిస్టర్ చెప్పమంది: చక్రాల కుర్చీలోంచి మంచం మీదికి తప్ప ఇంకెక్కడికీ మార్చకూడదు. ఎక్కడ కూర్చున్నా కింద గాలి కుషన్ ఉండాలి. అర్ధగంటకోసారి, కింద బరువు తగ్గేలా, నన్ను ముందుకి వంచి రెండు నిమిషాలు ఉంచాలి. ఉంచినప్పుడల్లా చార్టులో టైము వేసి సంతకం పెట్టాలి. చివర్లో ఒళ్ళంతా చూసి రాయాలి.

గురువారం బల్ల దగ్గర నీకేం కావాలి అని అడిగారు. ఇల్లు అన్నాను. బోర్డు మీద నా పేరు పక్కన 'ఇల్లు' అని రాశారు. కసరత్తు మాస్టారు మాత్రం ఇంకో మాట వేశాడు: "అడిగింది ఇల్లు కదా, అయితే రోజూ మూడొందలసార్లు చేతుల మీద లేవాలి." రాక్షసుడు. మొన్న పదకొండుసార్లు లేచాను. పన్నెండోసారి వాంతి చేసుకున్నాను.

రాత్రి ఆయా మంచిది. రెండు గంటలకోసారి వచ్చి నన్ను పక్కకి తిప్పుతుంది. తిప్పే ముందు "పేజీ తిప్పుతున్నానమ్మా" అంటుంది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, "దిండు పెట్టాను తల్లీ" అని చెబుతుంది. రొమ్ము కింద నుంచీ నాకు ఏదీ తెలియదు కదా. ఎవరైనా చెబితేనే నాకు కబురు. ఆవిడ చెబుతుంది. పగటి వాళ్ళు చెప్పరు.

నా పక్క మంచం ఆవిడని నిలయానికి పంపారు. చూడటానికి వెళ్ళొచ్చిన ఆవిడ చెల్లెలు మొన్న ఇటొచ్చింది. నలభై మంచాలకి రాత్రి ఇద్దరట.

నాకు ఇల్లు కావాలి అమ్మమ్మా.

ఉడుత

ఫిబ్రవరి 24

ప్రియమైన ఉడుతకు,

నువ్వు వెళ్ళి ఒక రోజయింది. ఇల్లు మళ్ళీ దాని మొహం అది పెట్టుకుంది.

నిన్న నువ్వు ఉన్న ఏడు గంటలూ ఎలా గడిచాయో నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, నాకు రాసుకోవాలనుంది. వ్యాన్ దిగగానే నువ్వు అన్న మొదటి మాట: "ఆ బల్బు అక్కడ పెట్టిందెవరు? నీడంతా నీ మొహం మీదే పడుతోంది." పదిహేనేళ్ళుగా అక్కడే ఉందే అంటే, "పదిహేనేళ్ళుగా నువ్వు దెయ్యంలాగే ఉన్నావు" అన్నావు. ఎదురింటి టైలరుని పిలిపించి, కుర్చీలోంచే వేలు చూపిస్తూ దాన్ని మార్పించావు. ఆ వేలు పూర్తిగా తెరుచుకోలేదు, అయినా అతనికి అర్థమైంది.

పదకొండింటికి కిటికీ దగ్గరి పేము కుర్చీ చూసి అడిగావు. "ఒక్కసారి అందులో కూర్చోబెట్టు అమ్మమ్మా, మూడు నెలలైంది మామూలు కుర్చీలో కూర్చుని" అన్నావు. కూడదని ఉంది కాగితంలో. కాగితం రాసినవాళ్ళు నీ మొహం చూడలేదు. టైలరు ఎత్తి కూర్చోబెట్టాడు. అక్కడే, ఎండ మోకాళ్ళ మీద పడుతుండగా, మందు మత్తో, అలసటో, మాట మధ్యలోనే నిద్రపోయావు. నాలుగు గంటలు. పడిన నాటి నుంచీ నువ్వలా నిద్రపోవడం నేను చూడలేదు. ఆసుపత్రిలో నీది నిద్ర కాదు, రెప్పలు మూసుకుని కాపలా కాయడం.

పేము కుర్చీ సంగతి ఆ బల్ల దగ్గర ఎత్తకు. కింద కుషన్ ఉంది, అర్ధగంటకోసారి నేను నిన్ను వంచాను, నువ్వు మొద్దులా పడుకున్నావు కాబట్టి తెలియలేదు. చార్టు ఉంది. పద్నాలుగు గడులు, పద్నాలుగు సంతకాలు, చివర ఒళ్ళు చూసిన గడిలో 'శుభ్రం'. పెద్ద సిస్టర్ వ్యాన్ దగ్గరే చార్టు అందుకుని, ఒకసారి పైనుంచి కిందికి చూసి, "ఇంత నీటుగా మా వాళ్ళు కూడా రాయరమ్మా" అంది. ఆవిడకేం తెలుసు, నేను ఎవరినో.

ఏప్రిల్‌కి నీ మంచం కిటికీ వైపు వేయిస్తాను. తల ఎటు ఉండాలో రాయి.

నిన్న నాలుగు గంటలు నిన్ను కళ్ళారా చూసుకున్న
అమ్మమ్మ

మార్చి 3

ప్రియమైన అమ్మమ్మా,

పుండు పడింది.

సోమవారం పొద్దున గులాబీ రంగు. మంగళవారానికి నేరేడుపండు రంగు. గురువారానికి తోలు ఊడింది. కుడివైపు, కూర్చునే ఎముక మీద. పైకి రూపాయి బిళ్ళంత. లోపల పిడికిలంత ఉందట. పెద్ద సిస్టర్ అద్దం పెట్టి చూపిస్తానంది. వద్దన్నాను.

ఇంకో మచ్చ కుడి కాలి మీద, చీలమండకి కాస్త పైన. గుండ్రంగా. "ఇది రెండో కాలి మడమ ముద్ర" అంది పెద్ద సిస్టర్. కాలు మీద కాలు పడి గంటల తరబడి ఉంటేనే అలా అవుతుందట. మధ్యలో దిండు లేనట్టు లెక్క.

బల్ల దగ్గర గంటసేపు మాట్లాడారు. ఆదివారం సాయంత్రం దాకా ఒళ్ళు శుభ్రంగా ఉందని నీ చార్టు ఉంది. అది చూసి ఇక్కడ రాత్రి మళ్ళీ చూడలేదట. సోమవారం పొద్దునకి మచ్చ ఉంది. అంటే ఆ మధ్యలో. అంటే రాత్రి. అంటే ఆయా. మంచం తల ఎత్తి అలాగే వదిలేసిందనీ, తిప్పలేదనీ, దిండు పెట్టలేదనీ అన్నారు. ఆవిడని పిలిపించారు. "నేను పెట్టాను, నేను తిప్పాను" అంటూనే ఉంది. నన్ను అడిగారు. ఆ రాత్రి నేను చచ్చినట్టు పడుకున్నాను. ఆవిడ మాట వినబడలేదు. దిండు నాకు ఎలాగూ తెలియదు. తెలియదు అన్నాను. అది నిజం.

ఆవిడని ఆ రోజు నుంచీ పనిలోకి రావద్దన్నారు.

నీ చార్టుని నోటీసు బోర్డుకి అంటించారు. ఇంటివాళ్ళు ఇలా రాయాలి అని.

నన్ను బోర్లా పడుకోబెట్టారు. మంచానికి ఒక చోట కంత ఉంది, అందులోంచి నేల కనబడుతుంది. ఎన్ని వారాలో చెప్పలేం అన్నారు. కసరత్తు ఆగిపోయింది. రోజుకి నలభై దాకా వచ్చాను.

ఒక్కటి అడుగుతాను. ఊరికే. పేము కుర్చీలో కుషన్ ఉంది కదా? ఆ రోజు కూర్చోబెట్టగానే అడిగాను, ఉందన్నావు. నిద్రపట్టే ముందు ఇంకోసారి అడిగాను, అప్పుడూ ఉందన్నావు. ఊరికే అడుగుతున్నాను.

ఉడుత

మార్చి 7

ప్రియమైన ఉడుతకు,

నీ ఉత్తరం చదివి పూటంతా కూర్చున్నాను. టైలరు భార్య వచ్చి టీ పెట్టి ఇచ్చి, నేను తాగడం లేదని చూసి తనే తాగి వెళ్ళింది.

కుషన్ ఉందని చెప్పాను కదా.

ఆయా సంగతి. నీకు ఆవిడ మీద ప్రేమ ఉంది, అర్థమవుతుంది. చీకట్లో మంచిమాట చెప్పేవాళ్ళ మీద ఎవరికైనా ప్రేమే పుడుతుంది. కానీ నేను చూసినంతలో, మాట తియ్యగా ఉన్నంతమాత్రాన పని గట్టిగా ఉన్నట్టు కాదు. పరీక్ష హాళ్ళలో పిల్లల్ని "నాన్నా, కన్నా" అని పిలిచే ఇన్విజిలేటరే వెనక బెంచీలో కునుకు తీసేవాడు. రాత్రి ఉద్యోగం, వయసు మళ్ళిన మనిషి. నిద్ర ముంచుకొస్తే ఎవరేం చేస్తారు? నేను ఆవిడని తిట్టడం లేదు. రికార్డు ఒకటి చెబితే మనిషి ఇంకోటి చెబుతాడు. ఎప్పుడూ అంతే. నేను ఎప్పుడూ రికార్డు పక్షమే ఉన్నాను. లేకపోతే ముప్పై ఒక్కేళ్ళు ఆ కుర్చీలో కూర్చోగలిగేదాన్నా?

నువ్వు వాటి గురించి ఆలోచించకు. పుండు మానుతుంది. వయసులో ఉన్నావు. గుడ్లూ పాలూ పంపుతున్నాను, ప్రోటీను కావాలన్నారట. ఏప్రిల్ కాకపోతే మే. మే కాకపోతే జూన్. ఇల్లు ఎక్కడికీ పోదు.

బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ బిగించారు. బాగుంది. నేనే పట్టుకుంటున్నాను.

అమ్మమ్మ

మార్చి 30

ప్రియమైన అమ్మమ్మా,

నాలుగు వారాలు రాయలేదు. జ్వరం. నూట నాలుగు. పుండు ఎముకని పట్టింది. ఎముక గీకి, తొడ కండ తెచ్చి ఆ గొయ్యి కప్పారు. ఆపరేషన్ అయిదు గంటలు. నువ్వు అద్దాల బయట కూర్చున్నావని తర్వాత చెప్పారు. నేను చూడలేదు.

ఇంకో ఆరు వారాలు బోర్లా. తర్వాత రోజుకి పావుగంట కూర్చోవడం. మళ్ళీ మొదటి నుంచి. చేతులు సన్నబడ్డాయి. మొన్న కసరత్తు మాస్టారు వచ్చి నేల మీద కూర్చున్నాడు, కంతలోంచి నా మొహం కనబడేలా. జోకు వేస్తాడేమో అని చూశాను. వేయలేదు. కాసేపు కూర్చుని వెళ్ళాడు. అప్పుడు భయమేసింది నాకు.

డాక్టరమ్మ చెప్పింది. ఇలాంటిది ఇంకోసారి పడితే ప్రాణానికే చేటు. అందుకని ఇంటికి పంపడానికి నీ చార్టు ఒక్కటే వాళ్ళకి ధైర్యం. నలుగురు ఇంటికే అంటున్నారు, పెద్ద సిస్టర్‌తో సహా. ఏప్రిల్ పదహారు గురువారం తేలుస్తారు.

ఇంకో సంగతి. నిన్న ఆయా వచ్చింది. చూడటానికి వచ్చేవాళ్ళ వరసలో నిలబడి, చీటీ తీసుకుని. మంచం పక్కన నేల మీద కూర్చుని పైకి చూసింది. చిక్కిపోయింది. ఇంకెక్కడా పనిలో పెట్టుకోలేదట, కారణం అడుగుతున్నారట. అది చెప్పడానికి రాలేదు. ఏమడిగిందో తెలుసా?

"తల్లీ, ఆ రాత్రి నేను దిండు పెట్టానా? పెట్టాననే అనుకున్నాను. రోజూ అందరూ పెట్టలేదంటుంటే, ఇప్పుడు గుర్తు చేసుకుంటే, నిజంగానే మర్చిపోయానేమో అనిపిస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ మర్చిపోలేదు. మర్చిపోయే ఉంటాను. నీకు ఇలా చేశాను."

నా కాళ్ళు పట్టుకుంది. పట్టుకున్నానని ఆవిడే చెబితే తెలిసింది.

నేనేమన్నానో తెలుసా అమ్మమ్మా? "మర్చిపోయి ఉంటావులే" అన్నాను. చార్టు శుభ్రంగా ఉంది కదా మరి. ఇంకెవరు?

లేచి వెళ్ళిపోయింది.

ఉడుత

ఏప్రిల్ 4

ప్రియమైన ఉడుతకు,

కుషన్ లేదు.

ఇది ముందు రాయకపోతే మళ్ళీ వడ్రంగి కథలు చెప్పి తప్పించుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. కుషన్ లేదు. టైలరు నిన్ను ఎత్తినప్పుడు వేశాను. దాని మీద నువ్వు ఎత్తుగా, ఎవరో చుట్టాలింటికి వచ్చినట్టు కూర్చున్నావు. కాళ్ళు నేలకి అందలేదు. తీసెయ్యమని టైలరుకి సైగ చేశాను. నువ్వు "కింద కుషన్ ఉందా?" అన్నావు. చక్రాల కుర్చీలో ఉన్న కుషన్‌ని చూస్తూ "ఉంది" అన్నాను. రెండోసారి అడిగినప్పుడు చూడటం కూడా లేదు. ఉంది అన్నాను.

నువ్వు నిద్రపోయాక నేను చేసింది ఎవరికీ తెలియదు. పీట తెచ్చి నీ పాదాలు దాని మీద పెట్టాను. నువ్వు పదహారేళ్ళ నుంచీ ఆ కుర్చీలో ఎలా కూర్చుంటావో నాకు తెలుసు: పీట మీద కాళ్ళు చాపి, కుడి కాలి మీద ఎడమ కాలు వేసుకుని. ఎడమ కాలు ఎత్తి కుడి కాలి మీద వేశాను. బరువుగా ఉంది. జారకుండా దుప్పటి దోపాను. వెనక్కి వచ్చి నా మంచం మీద కూర్చుని చూశాను. నాటకశాల నుంచి వచ్చి పడుకున్న పిల్లలా ఉన్నావు. ఏమీ జరగనట్టు ఉంది.

అర్ధగంటకి గడియారం మోగింది. వంచితే లేస్తావు. లేస్తే కాళ్ళు చూసుకుంటావు. ఇంకో అర్ధగంట అనుకున్నాను. రెండోసారి మోగినప్పుడు గడియారం కట్టేశాను. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను. పదకొండు నుంచి మూడున్నర దాకా అలాగే.

కాళ్ళు దించి, టైలరుని పిలిచి నిన్ను మంచం మీద వేయించాక ఒళ్ళు చూశాను. చూడకుండా రాశానని అనుకోకు. కుడి కాలి మీద ఎర్రటి మచ్చ ఉంది. నేర్పినట్టే బొటనవేలితో నొక్కాను. తెల్లబడలేదు. వెనక కూడా ఎర్రగా ఉంది. అదీ తెల్లబడలేదు. మచ్చ ఉందని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, నిన్ను నిలయానికి పంపుతారు. 'శుభ్రం' అని రాశాను. ఆసుపత్రికే వెళుతోంది కదా, రాత్రికి వాళ్ళెలాగూ చూస్తారు అనుకున్నాను. నా సంతకం చూసి వాళ్ళు చూడటం మానేస్తారని తట్టలేదు. తట్టి ఉండాలి. జీవితమంతా నా సంతకం చూసి జనం చూడటం మానేసిన ఆఫీసులోనే బతికాను.

పద్నాలుగు సంతకాలూ సాయంత్రం నాలుగింటికి ఒక్క విడతలో పెట్టాను. ఒకే సిరా అయితే ఎవరైనా పసిగడతారని పెన్ను రెండుసార్లు మార్చాను. కొన్ని నిలబడి పెట్టాను, చేతి వాలు వేరుగా పడాలని. ఒక గడిలో టైము కొట్టేసి దిద్దాను, నిజం రికార్డులో ఒక కొట్టివేతైనా ఉంటుందని. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. దొంగ రికార్డులు రాసిన పిల్లల్ని పట్టుకుంటూ పట్టుకుంటూ నేర్చుకున్నాను. వాళ్ళలో ఇద్దరిని మూడేళ్ళపాటు పరీక్ష రాయకుండా చేయించాను. ఒక పిల్ల తండ్రి మా వరండాలో కూర్చుని ఏడ్చాడు. నేను లోపల టీ తాగాను.

ఆయా గురించి నీకు రాసిన ఉత్తరం ఉంటే చింపెయ్యి. వద్దులే, ఉంచు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళాను. రెండు గదుల వాటా, పైన రేకులు. తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసింది. కూర్చోలేదు నేను. చెప్పాను. అరుస్తుందేమో, నలుగురినీ పిలుస్తుందేమో అనుకున్నాను. "అయితే నేను దిండు పెట్టానా?" అంది. పెట్టావు అన్నాను. "పెట్టానా?" అంది మళ్ళీ. పెట్టావు, తిప్పావు, నీ తప్పు ఏమీ లేదు అన్నాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. క్షమించమని అడగబోతుంటే తలుపు వేసేసింది. గట్టిగా కూడా వేయలేదు.

గురువారం బల్లకి రాశాను. నీకు రాసినదంతా, డాక్టరమ్మ పేర, సంతకంతో. ఈ పాటికి చేరి ఉంటుంది. నిన్ను ఇంటికి పంపమని అడిగే మొహం నాకు లేదు. పంపొద్దని అడిగే ధైర్యమూ లేదు. జరిగింది మాత్రం రాశాను. వాళ్ళు ఏం తేలుస్తారో నాకు తెలుసు, నీకూ తెలుసు. బోర్డు మీద నువ్వు రాయించుకున్న ఒక్క మాటనీ నా చేతులతోనే తుడిచాను. ప్రేమతో చేశాను అని రాయబోయి ఆగాను. ప్రేమ అయితే నువ్వు అడిగినప్పుడు కింద చూసి చెప్పేదాన్ని.

అమ్మమ్మ

ఏప్రిల్ 24

ప్రియమైన అమ్మమ్మా,

పై మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. రాశాను. అబద్ధం కాదు కాబట్టి.

గురువారం నన్ను బోర్లా ఉన్న మంచంతోనే బల్ల దగ్గరికి తోసుకెళ్ళారు. డాక్టరమ్మ నీ ఉత్తరం పైకి చదివింది. కంతలోంచి నాకు వాళ్ళ చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి. పెద్ద సిస్టర్ చెప్పులు లేచి బయటికి వెళ్ళాయి. నోటీసు బోర్డు మీంచి చార్టు పీకిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చి, "రాత్రికి నేను చూడాల్సింది. సంతకం చూసి ఊరుకున్నాను. నా పేరు కూడా రాయండి" అంది. డాక్టరమ్మ రాసింది.

నా పేరూ రాయమన్నాను. పేము కుర్చీ సంగతి నాకు తెలుసు, మచ్చలు చూశాక కూడా చెప్పలేదు. చెబితే ఇల్లు పోతుందని. కుషన్ గురించి నీకు రాసి అడిగాను కానీ బల్ల దగ్గర అనలేదు. ఆవిడని పంపేస్తుంటే ఊరుకున్నాను. ఆవిడ వచ్చి అడిగితే, మర్చిపోయి ఉంటావులే అన్నాను. నువ్వు ఒక్కదానివే కాదు.

తేల్చారు. జూన్‌లో నిలయానికి. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారు. ఇంటికి అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆయాని తిరిగి పిలిచారు. పై అంతస్తులో వేశారు, ఆవిడే అడిగిందట. ఒకసారి నా గది గుమ్మం దాకా వచ్చింది. "దిండు పెట్టాను తల్లీ" అంది. "పెట్టావు" అన్నాను. లోపలికి రాలేదు.

ఇప్పుడు నాకు పిడి ఉన్న అద్దం ఇచ్చారు. ఒక్కో చోటా ఎలా చూసుకోవాలో చేతుల మేడమ్ నేర్పుతోంది. వేళ్ళు మూసుకోక అద్దం జారిపోతుంది. మొదటిసారి ఆ గొయ్యి చూశాను. కుట్లు వేసిన సంచిలా ఉంది. చూసి ఏడవలేదు. కసరత్తు మాస్టారు ఏడ్చాడు, దుమ్ము పడిందన్నాడు.

నువ్వు చేసిన వాటిలో నాకు మింగుడు పడనిది ఏదో తెలుసా? కుషన్ కాదు. సంతకాలు కాదు. అవి భయంతో చేశావు, నేనూ భయంతోనే నోరు మూసుకున్నాను. నేను నిద్రపోతుంటే నా కాళ్ళు సర్దుకుని చూసుకున్నావు. నాలుగున్నర గంటలు నువ్వు చూసింది నన్ను కాదు. నిచ్చెన మీంచి పడకముందు ఆ ఇంట్లో ఉన్న అమ్మాయిని. ఆ అమ్మాయి కోసం నా ఒళ్ళు వాడుకున్నావు. నేను అక్కడే ఉన్నాను అమ్మమ్మా, అదే కుర్చీలో.

నిలయంలో ఆదివారం పది నుంచి పన్నెండు దాకా రానిస్తారట. కోపం తగ్గిందని రమ్మనడం లేదు. తగ్గలేదు. అయినా రా. వచ్చాక దుప్పటి తీసే ముందు నన్ను అడుగు. కాలు పక్కకి జరపాలన్నా అడుగు. దానికి తెలియదులే అనుకోకు. సరే అంటే జరుపు. వద్దంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎలా ఉన్నదాన్ని అలా చూస్తూ కూర్చో. అలా కూర్చోగలిగితేనే రా.

నీ మనవరాలు